ఎడారిలో ‘బాగున్నాను’ అనే ముందు

రెండో రోజు మధ్యాహ్నం రెండున్నరకి నా చేతివేళ్ళు ఉబ్బిపోయాయి. పెళ్ళినాటి ఉంగరం కదలడం లేదు. తల దిమ్ముగా ఉంది, కడుపులో తిప్పుతోంది. దుఖాన్ రోడ్డు పక్కన కారు ఆపుకుని కూర్చున్న మా ఆయన అద్దం దించి “బాగుండావా?” అని అడిగారు.

“ఆ, బాగానే ఉన్నా” అన్నాను.

అది అబద్ధం. ఆ అబద్ధం ఇంకో గంటసేపు సాగి ఉంటే ఈ వ్యాసం రాయడానికి నేను ఉండేదాన్నో లేదో. మనలో చాలామందికి ఆ మాట ఆలోచించకుండానే నోట్లోంచి వచ్చేస్తుంది కదా. అందుకే ఇది మీతో చెప్పుకోవాలనిపించింది.

మాది అనంతపురం జిల్లా. తొమ్మిదేళ్ళుగా ఖతార్‌లో, దోహాని ఆనుకుని ఉన్న అల్ రయ్యాన్‌లో ఉంటున్నాం. అరబ్బీలో ‘రయ్యాన్’ అంటే దాహం తీరినది, నీళ్ళతో తడిసి పచ్చగా ఉన్నది అని అర్థం. చుట్టూ ఎడారి ఉన్న ఊరికి ఆ పేరేమిటా అని మొదట్లో నవ్వుకునేదాన్ని. పిల్లల్ని స్కూలుకి పంపాక ఆస్పైర్ పార్కులో నడక మొదలుపెట్టాను. నడక పరుగయింది. పరుగు 10 కిలోమీటర్లయింది, తర్వాత హాఫ్ మారథాన్, నలభయ్యో ఏట ఫుల్ మారథాన్. మా అమ్మ ఫోన్‌లో “ఎవురన్నా తరుముతాండారా నిన్ను?” అని అడిగేది.

మారథాన్ అయ్యాక ఒకరోజు ‘మారథాన్ దె సాబ్ల్’ గురించి చదివాను. ప్యాట్రిక్ బావర్ అనే ఫ్రెంచ్ యువకుడు 1984లో అల్జీరియా సహారాలో ఒంటరిగా 12 రోజుల్లో 350 కిలోమీటర్లు నడిచాడు. ఆ అనుభవంతోనే 1986లో మొరాకోలో 23 మందితో ఈ పందెం మొదలుపెట్టాడు. దాదాపు 250 కిలోమీటర్ల దూరాన్ని కొన్ని రోజులకు పంచి పరిగెత్తిస్తారు. తిండి, పరుపు, మందులు అన్నీ మన వీపు మీదే. నీళ్ళు, రాత్రి గుడారం మాత్రం నిర్వాహకులు ఇస్తారు. రోజుకి కనీసం 2,000 క్యాలరీల తిండి మన సంచిలో ఉండాల్సిందే. 1994లో మౌరో ప్రోస్పెరి అనే ఇటలీ పోలీసు ఇసుక తుఫానులో దారి తప్పి, దాదాపు పది రోజుల తర్వాత పక్క దేశం అల్జీరియాలో బతికి బయటపడ్డాడు. ఇవన్నీ చదివాక ఎవరైనా భయపడాలి. నాకు మాత్రం వెళ్ళాలనిపించింది.

వెళ్ళేముందు ఇంటి దగ్గరే ఒక పరీక్ష పెట్టుకుందామనుకున్నాను. ఖతార్‌ని తూర్పు సముద్రం నుంచి పడమటి సముద్రం దాకా దాటితే సుమారు 90 కిలోమీటర్లు. దోహా నుంచి దుఖాన్ దాకా ఆ దూరాన్ని ఒక్కరోజులో పరిగెత్తే పోటీ ఇక్కడ ఉంది. నేను మూడు రోజులకు పంచుకున్నాను. ఎందుకంటే చాలా రోజుల పరుగులో అసలు కష్టం దూరం కాదు. నిన్నటి కాళ్ళతో ఈరోజు లేవడం. సాయంత్రం ఎక్కడ ఆగితే అక్కడ ఒక గుర్తు పెట్టుకుని, కారులో ఇంటికొచ్చి, తెల్లారి మళ్ళీ అక్కడినుంచే మొదలుపెట్టాలని లెక్క.

ఏప్రిల్ నెలాఖరులో బయల్దేరాను. “ఇంకో ఆరు నెలలు ఆగవే” అని నాతో పరిగెత్తే అక్క ఒకావిడ చెప్పింది. ఆవిడ నర్సు. “అనంతపురం పిల్లకి ఎండ ఒక లెక్కా అక్కా?” అన్నాను. నిజానికి ఆ చలికాలమంతా నా సాధన తెల్లవారుజామునే. మధ్యాహ్నపు ఎండ నా ఒంటికి తగిలి నెలలయింది. ఎండకి ఒళ్ళు అలవాటు పడాలంటే వారం నుంచి రెండు వారాల పాటు రోజూ కొంచెం కొంచెంగా వేడిలో కదలాలి. అప్పుడు రక్తంలో నీటి భాగం పెరుగుతుంది, చెమట త్వరగా మొదలవుతుంది, చెమటలో పోయే ఉప్పు తగ్గుతుంది. ఆ అలవాటు మానేస్తే కొన్ని వారాల్లోనే పోతుంది. చిన్నప్పుడు పుట్టింటి ఊళ్ళో తిన్న ఎండ నలభై ఏళ్ళకి పనికిరాదు.

మొదటిరోజు బాగానే గడిచింది. దోహా సముద్రం ఒడ్డున మొదలై, మా అల్ రయ్యాన్ మీదుగా, ఒంటెల పందేలు జరిగే అల్ షహానియా దాకా వెళ్ళాను. రెండో రోజు చెట్టు లేదు, నీడ లేదు, గాలి ఎదురు. డీహైడ్రేషన్ అంటే భయంతో పావుగంటకోసారి నీళ్ళు తాగుతూనే ఉన్నాను. ఉత్త నీళ్ళు. తిండి సయించలేదు కాబట్టి మానేశాను. ఉప్పు సంగతి అసలు తలపెట్టలేదు.

వేళ్ళు ఉబ్బింది అందుకే. చెమటతో ఉప్పు పోతూ, పైనుంచి ఉత్త నీళ్ళు పోస్తూ ఉంటే రక్తంలో సోడియం పలచబడిపోతుంది. తలనొప్పి, వాంతులు, వాపు, తికమక వస్తాయి. ఇంకా ముదిరితే మెదడు వాచి ఫిట్స్ వస్తాయి, ప్రాణం పోతుంది. దాహంతో పడిపోతానేమోనని భయపడిన మనిషిని, నీళ్ళు ఎక్కువై పడిపోయేలా ఉన్నాను.

ఆరోజు కారులో మా ఆయన పక్కన నర్సక్క కూడా ఉంది. నేను ‘బాగానే ఉన్నా’ అనగానే ఆవిడ దిగొచ్చి నా చెయ్యి పట్టుకుంది. వాచీ పట్టీ మణికట్టులోకి కోసుకుపోయి ఉంది. “ఈరోజు ఏ వారం?” అని అడిగింది. నాకు తట్టలేదు. ఆవిడ ఇంకేం మాట్లాడలేదు. నా చేతిలో నీళ్ళ సీసా లాక్కుని, నన్ను కారులో కూర్చోబెట్టి, ఆస్పత్రికి పోనివ్వమంది. రక్తపరీక్షలో సోడియం బాగా తగ్గిపోయి ఉంది. ఆ రాత్రి అక్కడే ఉంచారు.

మర్నాడు ఇంటికొచ్చాక మా అమ్మాయి నా మంచం మీద కూర్చుంది. దానికి అప్పుడు పదమూడేళ్ళు. “నాన్న అడిగితే బాగున్నానని ఎందుకు చెప్పావమ్మా?” అని అడిగింది.

నా దగ్గర జవాబు లేదు. వాళ్ళ నాన్నకి భయపడి కాదు. ఆయన ఆపేస్తారని కూడా కాదు. అడగ్గానే అదే మాట వచ్చింది, అంతే. మా అమ్మ జ్వరంతో ఒళ్ళు కాలిపోతున్నా పదిమందికి వండి, ఎవరైనా అడిగితే “ఆ, బాగానే ఉండా” అనేది. మేము దాన్ని ఓపిక అనుకున్నాం. నాకు తెలియకుండానే ఆ ఓపిక నాకూ వచ్చింది. వంటింట్లో దాంతో నెట్టుకొస్తాం. ఎడారిలో అది నెట్టుకురాదు.

*ధైర్యానికి లొంగనిది*

కోలుకున్నాక నేను చేసిన మొదటి పని చదవడం. 2019 ప్రపంచ అథ్లెటిక్స్ పోటీలు మా అల్ రయ్యాన్‌లోని ఖలీఫా స్టేడియంలోనే జరిగాయి. మహిళల మారథాన్ మాత్రం దోహా కార్నిష్ మీద. ఎండ తప్పించాలని సెప్టెంబర్ 27 రాత్రి 11:59కి మొదలుపెట్టారు. అర్ధరాత్రయినా 30 డిగ్రీల పైన వేడి, గాలిలో 70 శాతం పైన తేమ. 68 మంది బయల్దేరితే 28 మంది మధ్యలో ఆగిపోయారు. గెలిచిన కెన్యా అమ్మాయి అదే ఏడాది జనవరిలో దుబాయ్‌లో 2 గంటల 17 నిమిషాల్లో ముగించిన మనిషి. ఇక్కడ ఆమెకే 2 గంటల 32 నిమిషాలు పట్టింది. ప్రపంచంలో అందరికంటే గట్టి ఆడవాళ్ళు వాళ్ళు. ఆగిపోయిన 28 మందికీ ధైర్యం లేకనా? గాలిలో తేమ ఎక్కువైతే చెమట ఆరదు. చెమట ఆరకపోతే ఒళ్ళు చల్లబడదు. అక్కడ పట్టుదల పనిచేయదు.

ఈ సంగతి మనకంటే బాగా తెలిసినవాళ్ళు ఇక్కడే ఉన్నారు. కరీంనగర్, నిజామాబాద్, కడప నుంచి వచ్చి కట్టడాల మీద పనిచేసే మన తమ్ముళ్ళు. 2021లో తెచ్చిన నిబంధనల ప్రకారం ఖతార్‌లో జూన్ 1 నుంచి సెప్టెంబర్ 15 దాకా ఉదయం 10 నుంచి మధ్యాహ్నం మూడున్నర వరకు బయట ఎండలో పని చేయించకూడదు. వేడి, తేమ, గాలి, ఎండ నాలుగూ కలిపి లెక్కించే వెట్ బల్బ్ గ్లోబ్ టెంపరేచర్ 32.1 డిగ్రీలు దాటితే ఏ వేళయినా పని ఆపాలి. అంటే ఫలానా హద్దు దాటాక మనిషి ఎంత గట్టివాడైనా సరే, ఆపడమే దారి అని చట్టమే ఒప్పుకుంది. నేను సరదాకి ఎండలోకి వెళ్తాను, వాళ్ళు పొట్టకూటికి. ఆ తేడా మర్చిపోయి ‘ఎండ ఒక లెక్కా’ అన్నందుకు సిగ్గుపడ్డాను.

*రెండోసారి లెక్క*

సెప్టెంబర్ నుంచి మళ్ళీ మొదలుపెట్టాను. ఎండ మరీ ఎక్కువున్న రోజుల్లో 2022లో తెరిచిన ఉమ్ అల్ సనీమ్ పార్కుకి వెళ్ళేదాన్ని. అక్కడ కిలోమీటరు పైన పొడవున్న పరుగుదారికి ఏసీ ఉంది. తర్వాత రోజుకి అరగంట చొప్పున పెంచుకుంటూ సాయంత్రపు ఎండలోకి వచ్చాను.

తాగడం మార్చాను. గడియారం చూసి కాదు, దాహం వేసినప్పుడే. ఉత్త నీళ్ళతో పాటు ఉప్పు వేసిన పలచటి మజ్జిగ, ఓఆర్ఎస్. నాకు బీపీ లేదు. ఉన్నవాళ్ళు, మూత్రపిండాల ఇబ్బంది ఉన్నవాళ్ళు డాక్టర్‌ని అడగకుండా ఉప్పు పెంచకండి. పరుగు మొదలుపెట్టే ముందు ఒకసారి రక్తం కూడా చూపించుకోండి. మన దేశంలో సగం మంది పైగా ఆడవాళ్ళకి రక్తహీనత ఉంది. నాకూ ఉన్నట్టు తేలింది. ఐరన్ మాత్రలు వాడాక మేడ మెట్లకే వచ్చే ఆయాసం పోయింది.

తిండి మన ఇంట్లోదే. వీపున మోసేదానికి బరువు తక్కువ, బలం ఎక్కువ ఉండాలి. నువ్వులుండలు, పల్లీపట్టీ, ఖర్జూరం. అటుకులకి పొయ్యి అక్కర్లేదు, చల్లనీళ్ళు పోస్తే చాలు. గంటకోసారి ఆకలి ఉన్నా లేకపోయినా ఒక ముద్ద. కాలి వేళ్ళకి టేపు, బూటు ఒక సైజు పెద్దది, ఇసుక దూరకుండా పైన గుడ్డ తొడుగు. రాసుకుపోయే చోట్లన్నిటికీ వాజ్‌లిన్. ఇందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

అన్నిటికంటే పెద్ద మార్పు మా అమ్మాయి చేసింది. ఒక అట్ట మీద నాలుగు ప్రశ్నలు రాసి వాళ్ళ నాన్నకి ఇచ్చింది. “ఇంకెప్పుడూ బాగున్నావా అని అడగొద్దు నాన్నా, ఇవి అడుగు” అంది. ఉంగరం తిరుగుతోందా? ఉప్పు ఎప్పుడు తీసుకున్నావు? ఒంటేలుకి ఎప్పుడు వెళ్ళావు? నా క్లాస్ టీచర్ పేరేంటి?

ఈ ప్రశ్నలకి ‘బాగానే ఉన్నా’ అని జవాబు చెప్పడం కుదరదు.

డిసెంబర్ 18 ఖతార్ జాతీయ దినోత్సవం. ఆ సెలవుకి వారాంతం కలుపుకుని మళ్ళీ బయల్దేరాను. రెండో రోజు పోయినసారి ఆగిపోయిన చోటు దాటుతుంటే కాళ్ళు వణికాయి. ఇంకాస్త దూరం పోయాక ఎడమ మడమ బొబ్బ చితికింది. కారు ఆగింది. అట్టలో ప్రశ్నలన్నిటికీ జవాబులు సరిపోయాయి. అయినా అడగని జవాబు ఒకటి నేనే చెప్పాను. “కాలు మండుతోందండీ. ఏడుపొస్తోంది. కాసేపు ఆగుతా.” ఆ మాట చెప్పడం నాకు ముప్పై కిలోమీటర్ల కంటే కష్టమైంది. నలభై నిమిషాలు కారు నీడలో కూర్చున్నాం. కట్టు కట్టించుకుని, మజ్జిగ తాగి, ఏడ్చి, లేచాను. మూడో రోజు సాయంత్రం దుఖాన్‌లో సముద్రంలో కాళ్ళు పెట్టాను. బొబ్బల మీద ఉప్పునీళ్ళు తగిలి కెవ్వుమన్నాను. మా అమ్మాయి నవ్వు ఆపుకోలేకపోయింది.

ఇదేమీ గొప్ప రికార్డు కాదు. ఢిల్లీ విమానాశ్రయంలో ఉద్యోగం మానేసి పరుగుకి వచ్చిన సూఫియా సూఫీ 2023 జనవరిలో ఇదే ఖతార్‌ని దక్షిణం నుంచి ఉత్తరం దాకా, సుమారు 200 కిలోమీటర్లు, 30 గంటల 34 నిమిషాల్లో దాటి గిన్నిస్‌కెక్కింది. అంతకుముందు స్వర్ణ చతుర్భుజి 6,002 కిలోమీటర్లు 110 రోజుల పైచిలుకులో పరిగెత్తినప్పుడు మన నెల్లూరు, విజయవాడ, విశాఖల మీదుగా పోయే దారీ అందులో ఉంది. ఆమె కూడా ఒంటరిగా పరిగెత్తలేదు. వెంట బండి ఉంది, చూసుకునే మనుషులు ఉన్నారు. అంత పెద్ద పరుగు పరిగెత్తే మనిషికే అడిగేవాళ్ళు కావాలి. అడిగినప్పుడు నిజం చెప్పడం మాత్రం మన పని.

మొరాకో ఇంకా వెళ్ళలేదు. వెళ్తానేమో. ప్రస్తుతానికి ఆ అట్ట మా ఫ్రిజ్ మీద అంటించి ఉంది.

దుఖాన్ నుంచి తిరిగొచ్చిన రాత్రి అమ్మకి ఫోన్ చేశాను. సంగతంతా విని, “సరేలే, కాళ్ళకి నూనె రాసుకో” అంది. “నువ్వెట్లున్నావమ్మా?” అన్నాను.

“ఆ, బాగానే ఉండా.”

అట్ట వైపు చూశాను. “బీపీ మాత్ర ఎప్పుడు వేసుకున్నావు?” అని అడిగాను.

అవతల కాసేపు మాట లేదు. తర్వాత చిన్నగా, “అయిపోయి వారమైంది మే. మీకెందుకు చెప్పేదని ఊరకున్నా” అంది.

ఆ రాత్రే తమ్ముడికి ఫోన్ చేసి మాత్రలు తెప్పించాను. మీరూ ఈరోజు ఇంటికి ఫోన్ చేస్తే ‘బాగున్నారా’ అని అడగకండి. ఉంగరం తిరుగుతోందా అని అడగండి.