వార్తల్లో పదం: మాగ్నెటోస్ట్రిక్షన్

ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఎడతెగకుండా గుయ్యిమని చప్పుడొస్తుంది కదా. కరెంటు దిశ మారినప్పుడల్లా లోపలి రేకుల కొలత రవ్వంత మారడమే అందుకు ముఖ్య కారణం. అయస్కాంత క్షేత్రంలో లోహం ఇలా సాగి ముడుచుకునే గుణమే మాగ్నెటోస్ట్రిక్షన్. 1842లో జూల్ దీన్ని ఇనుములో పసిగట్టాడు.

ఇనుములో ఇది ఉందా లేదా అన్నంత స్వల్పం. టెర్బియం, డిస్ప్రోసియం అనే రేర్ ఎర్త్ లోహాలను ఇనుముతో కలిపిన టెర్ఫినాల్-డి సంగతి వేరు. మీటరు కడ్డీ మిల్లీమీటరు దాకా సాగుతుంది, ముందే నొక్కి పెడితే ఇంకా ఎక్కువ. కడ్డీ బిగువు కూడా క్షేత్రాన్ని బట్టి మారుతుంది. 1970ల్లో అమెరికా నౌకాదళ ప్రయోగశాల సోనార్ల కోసం దీన్ని రూపొందించింది. చిక్కల్లా పెళుసుదనమే. నొక్కితే ఓర్చుకుంటుంది, లాగితే విరుగుతుంది.

హైదరాబాద్ కంచన్‌బాగ్‌లోని రక్షణ శాఖ లోహ పరిశోధనశాల డీఎంఆర్‌ఎల్ శాస్త్రవేత్తలు కరిగిన ఈ మిశ్రమాన్ని ఒకే దిశలో గడ్డకట్టించి పరీక్షించారు. స్ఫటికాలు ఒకే వరసలో పేరుకుంటే సాగుడు పెరుగుతుంది.

2025 ఏప్రిల్‌లో చైనా ఎగుమతి ఆంక్షలు పెట్టిన ఏడు లోహాల్లో టెర్బియం, డిస్ప్రోసియం రెండూ ఉన్నాయి. నవంబరులో కేంద్రం రూ.7,280 కోట్లతో రేర్ ఎర్త్ శాశ్వత అయస్కాంతాల తయారీ పథకం ప్రకటించింది. మన భీమిలి తీరపు ఇసుకలో దొరికే రేర్ ఎర్త్ ఖనిజం మోనజైట్‌లో మాత్రం ఈ రెండూ నామమాత్రమే.