శ్రమలలో విశ్వాసము – మానకూడని మాత్రలు



క్షయ అని తెలిసిన రోజు చాలామంది మమ్మల్ని మొదట అడిగేది మందుల గురించి కాదు. "సిస్టర్, నేనేం పాపం చేశానని దేవుడు ఈ జబ్బు ఇచ్చాడు?" అని. క్షయ పాపానికి శిక్ష కాదు. గాలి ద్వారా సోకే క్రిమి వల్ల వస్తుంది. నీతిమంతుడైన యోబు కూడా శ్రమపడ్డాడు గదా!

మాత్రలు మొదలుపెట్టిన కొన్ని వారాలకే దగ్గు, జ్వరం తగ్గుతాయి. "ప్రార్థనతో స్వస్థత కలిగింది, ఇక మందులెందుకు?" అని కొందరు మానేస్తారు. అలా మానేసిన ఒక తల్లి, దగ్గితే రక్తం పడుతూ మళ్లీ మా వార్డుకు వచ్చింది. "నా విశ్వాసం చాలలేదా సిస్టర్?" అని ఏడ్చింది. చాలనిది విశ్వాసం కాదమ్మా, మాత్రలు అన్నాను. మధ్యలో మానితే క్రిములు మందుకు లొంగకుండా మారవచ్చు.

హిజ్కియా రాజు మరణకరమైన రోగంలో కన్నీళ్లతో ప్రార్థించాడు. దేవుడు ఆలకించాడు. అయినా యెషయా అతని పుండుకు అంజూరపు పండ్ల ముద్ద వేయించాడు (2 రాజులు 20). మందు వాడడం అవిశ్వాసం కాదు.

గుర్తుంచుకోండి:
* సాధారణ క్షయకు కనీసం 6 నెలలు, డాక్టరు ఆపమనే వరకు రోజూ మాత్రలు వేసుకోవాలి.
* మూత్రం ఎర్రగా వస్తే భయపడకండి, అది మందు రంగు.
* కళ్లు పచ్చబడినా, వాంతులు ఆగకపోయినా వెంటనే ఆసుపత్రికి రండి.
* ప్రభుత్వం మందులు ఉచితంగా ఇస్తుంది. పోషకాహారానికి ఇచ్చే సాయం 2024 నవంబరు నుంచి నెలకు 1000 రూపాయలు.

ప్రార్థన చేయాలనిపించని రోజు కూడా వస్తుంది. ఆ రోజు సంఘంలో ఒకరిని మీ కోసం ప్రార్థించమనండి. మాత్ర మాత్రం మీరే వేసుకోండి.