నడుము నొప్పికి మందు రాసేముందు పాదాలను చూడండి

బిలాస్‌పూర్ నుండి రాయపూర్ వెళ్ళే రైలు మార్గంలో బిల్హా ఒక చిన్న పట్టణం. చుట్టూ వరి పొలాలు, ఊరిలో బియ్యపు మిల్లులు. నాట్ల వేళ రైతు బురదలో వట్టి కాళ్ళతో నడుస్తాడు. కోతలు ముగిశాక హమాలీ సిమెంటు నేలపై బస్తాలు మోస్తాడు. ఎరువుల వ్యాపారి ఉదయం నుండి రాత్రి వరకు దుకాణంలో నిలబడే ఉంటాడు. సాయంత్రానికి ముగ్గురికీ నడుము పట్టేస్తుంది, మెడ బిగుసుకుంటుంది. నూనె మర్దనా చేయించుకుంటారు, మాత్ర మింగుతారు. పాదాల సంగతి మాత్రం ఎవరికీ తట్టదు.

అరికాలికీ మెడకూ సంబంధమేమిటి, మోకాలికీ బోడిగుండుకీ ముడిపెట్టినట్లుందే అని మీరు అనవచ్చు. మీ ఎడ్లబండినే తలచుకోండి. ఒక చక్రం కుంగితే బండి ఒరుగుతుంది, కాడి వాలుతుంది, చివరకు ఎద్దు మెడ ఒరుసుకుపోతుంది. మన శరీరమూ అటువంటిదే. ఒక్కొక్క పాదంలో 26 ఎముకలు, 33 కీళ్ళు ఉన్నాయి. అరికాలి వంపు నడకలో కొంత సాగి, తిరిగి బిగిసి, అడుగుదెబ్బను తనలో ఇముడ్చుకుంటుంది. నడిచేటప్పుడు పాదం లోపలి వైపునకు అతిగా వాలితే పిక్క ఎముక, తొడ ఎముక కూడ లోపలికి తిరుగుతాయి. ఆ ప్రభావం తుంటికి, నడుముకు చేరవచ్చు. పైభాగం సమతూకం కోసం సర్దుకోవడంలో మెడ కండరాలపైనా శ్రమ పడవచ్చు.

అయితే నడుము నొప్పులన్నింటికీ పాదమే కారణమని భ్రమపడవద్దు. అమెరికాలోని ఫ్రామింగ్‌హామ్‌లో 1,930 మందిని పరిశీలించి 2013లో వెలువరించిన అధ్యయనంలో, పాదం ఆకృతికీ నడుము నొప్పికీ సంబంధం కనబడలేదు. నడకలో పాదం లోపలికి వాలే స్త్రీలలో మాత్రం ఆ నొప్పి అధికంగా కనిపించింది. అనగా చూడవలసినది పాదం రూపం కాదు, అది పనిచేసే తీరు. నొప్పి లేని చదును పాదానికి సాధారణంగా చికిత్స అక్కరలేదు. చెప్పులలో అమర్చే మెత్తలు నడుము నొప్పిని రాకుండా ఆపలేవని 2007 నాటి కోక్రేన్ సమీక్ష తేల్చింది. కనుక ప్రకటనలు చూసి ఖరీదైన మెత్తలకు డబ్బు పోయకండి.

ఖర్చు లేని పరీక్షలు రెండు చెబుతాము. పాత చెప్పుల జతను తిరగవేసి చూడండి. మడమ వెలుపలి అంచు కొద్దిగా అరగడం సహజం. ఒక చెప్పు రెండవదానికంటె చాలా భిన్నంగా అరిగితే నడకలో తేడా ఉన్నదేమో చూపించుకోవాలి. తరువాత గోడకు చేయి ఆనించి, మడమలెత్తి ముందరి పాదంపై నిలబడండి. ఒక కాలు సులువుగా లేచి రెండవది లేవకున్నా, నొప్పిపెట్టినా వైద్యునితో చెప్పండి.

అరిగిన హవాయి చెప్పులను వేళ్ళతో బిగపట్టి బరువులు మోయవద్దు. మడమను పట్టి ఉంచే, వేళ్ళకు చోటున్న చెప్పులు వాడండి. రోజూ పదిసార్లు మడమలెత్తి దించండి. వ్యాపారులు నిలబడేచోట మందమైన రబ్బరు పట్టా పరచుకుని, ఒక్కొక్క కాలినీ మార్చి మార్చి చిన్న పీటపై ఉంచితే నడుముకు విశ్రాంతి. యూరియా బస్తా బరువు 2018లో 50 కిలోల నుండి 45 కిలోలకు తగ్గింది. అయినను వంగి ఎత్తక, మోకాళ్ళు మడిచి ఎత్తండి. వీలైతే ఇద్దరు పట్టండి.

కాలు తిమ్మిరెక్కి బలహీనపడినా, మూత్రం అదుపు తప్పినా, పడిపోయిన తరువాత నొప్పి మొదలైనా ఇంటి వైద్యంతో కాలయాపన చేయవద్దు. వెంటనే ఆస్పత్రికి వెళ్ళండి. మధుమేహం ఉన్నవారు పాదాలను ప్రతిరోజూ చూసుకోవాలి. వట్టి కాళ్ళతో నడవరాదు. బిల్హా వాసులకు ఊరిలోనే సాముదాయిక ఆరోగ్య కేంద్రం, రాయపూర్‌లో 2012లో ప్రారంభమైన ఎయిమ్స్ ఉన్నాయి.

ఋణంతో కొన్న ట్రాక్టరు చక్రాలలో గాలిని మీరు తప్పక చూసుకుంటారు. కోతల వారంలో మీరు మంచం పడితే ఆ ట్రాక్టరూ కదలదు, వాయిదా సొమ్మూ చేతికి రాదు. మిమ్మల్ని జీవితమంతా మోసే పాదాలకు రోజుకు అయిదు నిమిషాలు కేటాయించండి.