ఆల్టర్నేటర్ ఆగిన కారు ఎంత దూరం నడుస్తుంది?

విద్యుదయస్కాంత ప్రేరణను ఫారడే 1831లో కనుగొన్నాడని గత భాగంలో చదివారు. ఆ సూత్రం మీద పనిచేస్తూ మనం అంతగా పట్టించుకోని యంత్రం కారులోని ఆల్టర్నేటర్. అది చెడిపోయినంత మాత్రాన కారు వెంటనే ఆగదు. చిక్కంతా అక్కడే ఉంది.

ముందు దాని పని చూద్దాం. ఇంజను తిరుగుతున్నప్పుడు ఒక రబ్బరు బెల్టు ఆల్టర్నేటర్‌లోని రోటార్‌ను తిప్పుతుంది. రోటార్ తీగచుట్టకు కార్బన్ బ్రష్‌ల ద్వారా కొద్దిపాటి విద్యుత్తు అందడంతో అది విద్యుదయస్కాంతం అవుతుంది. అది తిరగడంవల్ల చుట్టూ ఉన్న స్టేటార్ తీగచుట్టల్లో ఏకాంతర విద్యుత్తు పుడుతుంది. డయోడ్లు దాన్ని ఏకముఖ విద్యుత్తుగా మారుస్తాయి. రెగ్యులేటర్ వోల్టేజిని సుమారు 13.8 నుంచి 14.5 వోల్టుల మధ్య నిలుపుతుంది. పూర్తిగా చార్జయిన బ్యాటరీ వోల్టేజి దాదాపు 12.6. ఈ తేడావల్లే విద్యుత్తు బ్యాటరీలోకి ప్రవహిస్తుంది. ఆల్టర్నేటర్ ఆగితే ప్రవాహం తిరగబడి, కారు మొత్తం బ్యాటరీ నిల్వ మీద బతుకుతుంది. మీటర్ల మధ్య ఎర్రగా వెలిగే బ్యాటరీ గుర్తుకు అర్థం చాలాసార్లు ఇదే. ఆ బొమ్మను చూసి బ్యాటరీ పాడైందనుకోవడం సర్వసాధారణమైన పొరపాటు.

కొన్నేళ్ల క్రితం విజయవాడ నుంచి హైదరాబాదుకు రాత్రి వస్తుండగా, కోదాడ దాటగానే మా కారులో ఆ దీపం వెలిగింది. పక్కన మా ఆవిడ ఉంది. ఏసీ నడుస్తోంది. వెనక లారీలు. హైవే మీద దీపాలన్నీ ఆరిపోయి, కారు నడిరోడ్డున నిలిచిపోతే ఏమవుతుందో వేరే చెప్పనక్కర్లేదు. అప్పుడు నేను మనసులో వేసుకున్న లెక్కను మీరూ వేసి చూడండి.

మా బ్యాటరీ సామర్థ్యం 35 ఆంపియర్-గంటలు. ఇది 20 గంటలపాటు నెమ్మదిగా, అంటే 1.75 ఆంపియర్ల చొప్పున వాడితే వచ్చే అంకె. వేగంగా తోడితే అంత రాదు. పైగా వోల్టేజి బాగా పడిపోతే, బ్యాటరీ పూర్తిగా ఖాళీ కాకముందే ఇంజను కంప్యూటర్ పనిచేయడం మానేస్తుంది. కాబట్టి సగమే, అంటే 17.5 ఆంపియర్-గంటలే చేతిలో ఉన్నాయనుకోవడం మేలు. ఇక ఖర్చు. పెట్రోలు పంపు, ఇగ్నిషన్, కంప్యూటర్ కలిసి సుమారు 10 ఆంపియర్లు. 55 వాట్ల హెడ్‌లైట్లు రెండు, వెనక దీపాలు కలిపి 130 వాట్లు. దాన్ని 12తో భాగిస్తే దాదాపు 11 ఆంపియర్లు. ఏసీ క్లచ్, బ్లోయర్, ఏసీ కోసం తిరిగే రేడియేటర్ ఫ్యాను కలిపి మరో 15. మొత్తం 36 ఆంపియర్లు.

17.5ను 36తో భాగిస్తే అరగంట కూడా రాదు. గంటకు 80 కిలోమీటర్ల వేగంతో 40 కిలోమీటర్లలోపే. సూర్యాపేట దాదాపు 45 కిలోమీటర్లు! ఏసీ, బ్లోయర్ ఆపేస్తే ఖర్చు 21 ఆంపియర్లకు దిగుతుంది. అప్పుడు 50 నిమిషాలు, అంటే 65 కిలోమీటర్లకు పైనే. సూర్యాపేట చేరవచ్చు, హైదరాబాదు మాత్రం కుదరదు. పగలైతే హెడ్‌లైట్ల ఖర్చు కూడా తగ్గి ఇంకా దూరం పోవచ్చు. రాత్రి వాటిని ఆపి విద్యుత్తు మిగుల్చుకోవాలని చూడటం ఆత్మహత్యాసదృశం.

దారిలో టీకి ఆగుదామంది మా ఆవిడ. ఆగినా ఇంజను ఆపకూడదన్నాను. స్టార్టర్ మోటారు ఒక్కసారికి 100 ఆంపియర్లకు మించి లాగుతుంది. నీరసించిన బ్యాటరీ అది ఇవ్వలేకపోవచ్చు. టీ లేకుండానే సాగిపోయాం.

ఈ లెక్క చెల్లని సందర్భం ఒకటుంది. కొన్ని కార్లలో అదే బెల్టు నీటి పంపునూ తిప్పుతుంది. బెల్టు తెగితే ఇంజను కొద్ది నిమిషాల్లోనే వేడెక్కిపోతుంది. బ్యాటరీ దీపంతోపాటు ఉష్ణోగ్రత ముల్లు పైకి లేస్తుంటే రోడ్డు పక్కకు తీసి వెంటనే ఇంజను ఆపాలి. స్టీరింగు బరువెక్కడం, హెడ్‌లైట్లు మసకబారడం నిల్వ అడుగంటిందనడానికి సూచనలు. అవి కనిపిస్తే ఇక దూరం లెక్కించకుండా, వెలుతురున్న చోటు చూసి ఆగాలి.

సూర్యాపేట చేరేసరికి మా హెడ్‌లైట్లు పసుపురంగుకు తిరిగాయి. ఆ రాత్రి అక్కడే ఉండిపోయాం. మర్నాడు ఒక దుకాణంలో కొత్త బ్యాటరీ వేయించుకోమన్నారు. వేయించుకుంటే మరో గంట నడిచి మళ్లీ ఆగేది. ఇంకో మెకానిక్ ఇంజను నడుస్తుండగా బ్యాటరీ తీగ ఊడదీసి చూస్తానన్నాడు. డైనమోల కాలంనాటి అలవాటు అది. అలా తీస్తే వోల్టేజి ఒక్కసారిగా ఎగసి డయోడ్లనూ కంప్యూటర్‌నూ కాల్చేయవచ్చు. వద్దని చెప్పి, చార్జరుతో బ్యాటరీని కొంత నింపించి, మల్టీమీటరు అడిగాను. ఇంజను ఆపి ఉండగా బ్యాటరీ కొసల మధ్య 12.2 వోల్టులు. ఇంజను నడుస్తుండగా 14 దగ్గర ఉండాల్సింది 11.9 చూపింది. ఆల్టర్నేటర్ విప్పితే బ్రష్‌లు అరిగిపోయి స్లిప్ రింగులను తాకడమే లేదు. వాటిని మార్చాక అదే మీటరు 14.1 చూపింది. పాత బ్యాటరీ ఆ తర్వాత మరో రెండేళ్లు పనిచేసింది.