పాలు తాగితే సన్నబడతామా?

ఈ మాట ఊరికే పుట్టలేదు. 2004లో అమెరికాలోని టెనెసీ విశ్వవిద్యాలయంలో మైకేల్ జెమెల్ బృందం 32 మంది స్థూలకాయులకు 24 వారాలు తిండి తగ్గించి చూస్తే, పాలు, పెరుగు ఎక్కువ తీసుకున్నవాళ్లే ఎక్కువ బరువు తగ్గారు. ఎలా? పేగుల్లో కాల్షియం కొంత కొవ్వును పట్టుకుని, సబ్బులాంటి పదార్థంగా మార్చి, మలంతో బయటికి పంపేస్తుంది (అవును, సబ్బే!). కానీ అలా పోయే కొవ్వు రోజుకు కొద్ది గ్రాములే. పైగా అక్కడ అందరూ తిండి తగ్గించినవాళ్లే. మామూలు భోజనం మీద మరో గ్లాసు పాలు తాగితే కేలరీలు పెరుగుతాయంతే. తర్వాతి ప్రయోగాలు చాలావాటిలో అంత తేడా కనబడలేదు. 2007లో అక్కడి పాల ప్రచార సంస్థలు పాలతో సన్నబడతారన్న ప్రకటనలు ఆపేశాయి.

అలాగని పాలు మానేస్తే? ఎదిగే ఎముకలకు కాల్షియం కావాలిగా! పాలు పడనివాళ్లకు రాగిజావ ఉంది: 100 గ్రాముల రాగుల్లో 300 మిల్లీగ్రాములకు పైనే కాల్షియం.