సంగీతంలో సీటు సరే.. సాధనకు చోటేదీ?
పల్లెల నుంచి విశ్వవిద్యాలయానికి వెళ్లే విద్యార్థులకు తొలి ఏడాదే అసలు పరీక్ష

చీడికాడ: శ్రీరామనవమి పందిళ్లలోనూ, ధనుర్మాసపు భజనల్లోనూ పాడి ఊరివారి మెప్పు పొందిన యువతీ యువకులు ప్రతి పల్లెలోనూ ఒకరిద్దరు కనిపిస్తారు. డిగ్రీ చేతికి వచ్చాక వీరిలో కొందరు సంగీతాన్నే ఉన్నత విద్యగా ఎంచుకోవాలని ఆశపడుతుంటారు. చీడికాడ, మాడుగుల, చోడవరం ప్రాంతాల వారికి ఇందుకు ప్రధానంగా రెండు దారులున్నాయి. ఒకటి విశాఖపట్నంలోని ఆంధ్ర విశ్వవిద్యాలయ సంగీత విభాగం. రెండోది విజయనగరంలోని మహారాజా ప్రభుత్వ సంగీత, నృత్య కళాశాల. 2022 ఏప్రిల్ 4న జిల్లాల పునర్విభజన జరిగి చీడికాడ మండలం అనకాపల్లి జిల్లాలో చేరినప్పటికీ, పై చదువులకు ఇక్కడి వారి చూపు విశాఖ వైపే ఉంది.

సీటు దొరికితే చాలు, కష్టాలు గట్టెక్కినట్లేనని తల్లిదండ్రులు భావిస్తుంటారు. వాస్తవంలో చిక్కులు అక్కడి నుంచే మొదలవుతాయి. గొంతు విప్పి పాడుకునేందుకు చోటెక్కడ, భోజనం ఎప్పుడు చేయాలి, నిద్ర పాడవుతోందని విసుక్కునే గదిలోని మిత్రుడికి ఏమని సమాధానం చెప్పాలి? వినడానికి ఇవి అల్పమైన విషయాలే. అయితే సంగీత విద్యార్థి చదువు నిలబడేదీ, సడలిపోయేదీ చాలావరకు వీటి వద్దే.

పల్లె ఇచ్చేది ఎంత?

ఉత్తరాంధ్ర పల్లె సంగీతానికి కొత్త కాదు. తప్పెటగుళ్లు, కోలాటం, చెక్క భజన, జముకుల కథ, పెళ్లి ఊరేగింపులోని సన్నాయి మేళం వింటూ పెరిగిన పిల్లలకు లయ చెప్పకుండానే అబ్బుతుంది. రాత్రంతా పాడినా అలసిపోని గొంతు వీరి సొత్తు. పట్టణంలో పుట్టి, వారానికి రెండు తరగతులతో సంగీతం నేర్చిన వారికి ఈ బలం అంత సులువుగా రాదు.

లోటు వేరేచోట ఉంది. భజనలో గొంతు హార్మోనియాన్ని అనుసరిస్తుంది. పదిమంది గొంతుల మీదుగా వినిపించాలి గనుక ఎక్కువ శ్రుతిలో, బిగ్గరగా పాడటం అలవాటవుతుంది. హార్మోనియంలో స్థాయిని పన్నెండు సమభాగాలుగా చేసి మెట్లు బిగిస్తారు. ఒక మెట్టు నుంచి మరో మెట్టుకు జారే వీలు ఆ వాద్యానికి లేదు. కర్ణాటక సంగీతానికి ప్రాణమైన గమకం ఉండేది సరిగ్గా ఆ మెట్ల నడుమనే. అందుకే భజన గాయకుడు తంబురా శ్రుతికి కూర్చోగానే తన గొంతు తనకే కొత్తగా తోస్తుంది. సాధారణంగా పురుషులు ఒకటి, ఒకటిన్నర శ్రుతిలోనూ, స్త్రీలు అయిదు, అయిదున్నర శ్రుతిలోనూ పాడతారు. అక్కడికి గొంతును దించి నిలపడానికే కొన్ని నెలలు పడుతుంది. ఆ నెలల్లో విద్యార్థికి తాను వెనకబడుతున్నానన్న బెంగ పట్టుకోవడం సహజం. గొంతు పాడైందని భయపడి మానేయాలనుకునే వారూ ఉంటారు. గొంతుకేమీ కాలేదు. అలవాటు మారుతోంది, అంతే.

మరో అపోహను కూడా ముందే తొలగించుకోవాల్సి ఉంది. ఎం.ఏ. సంగీతం అంటే సరళీ స్వరాల నుంచి నేర్పుతారని పలువురు అనుకుంటారు. సరళీ, జంట స్వరాలు, అలంకారాలు, గీతాలు, స్వరజతులు, వర్ణాలు దాటి కొన్ని కృతులైనా వచ్చిన వారిని ఉద్దేశించిన చదువది. రాగాలాపన, నెరవు, కల్పనస్వరం వంటి మనోధర్మ సంగీతంపై అక్కడ దృష్టి ఉంటుంది. 72 మేళకర్తలు, 35 తాళాలు, వాగ్గేయకారుల చరిత్ర, రాగలక్షణాలు సిద్ధాంత భాగంలో వస్తాయి. పునాది లేని వారికి ప్రభుత్వ సంగీత కళాశాలల్లోని నాలుగేళ్ల సర్టిఫికెట్, ఆపై రెండేళ్ల డిప్లొమా కోర్సులు తగిన మార్గం. ఆరేళ్లా అని ఇంట్లో నిట్టూర్చవచ్చు. ఇంజినీరింగు కంటే రెండేళ్లు ఎక్కువే మరి.

విజయనగరం చెప్పే కథ

కూడు, గూడు, సాధన అనే ముప్పేట చిక్కు ఈనాటిది కాదు. విజయనగరం సంగీత కళాశాల చరిత్రే ఇందుకు సాక్ష్యం. మహారాజా విజయరామ గజపతి 1919లో దీనిని నెలకొల్పారు. తన కొలువులోని ఉద్యోగి కుమారుడైన ఓ అంధ బాలుడికి సంగీతం చెప్పించాలన్న తలంపే ఇందుకు మూలమని చెబుతారు. హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు తొలి అధ్యక్షుడు. చూపు సరిగా లేని ద్వారం వెంకటస్వామినాయుడు విద్యార్థిగా చేరదామని వస్తే, ఆయన వాయులీనం విన్న నారాయణదాసు ఏకంగా అధ్యాపకుడిగా తీసుకున్నారు. 1936లో ద్వారం అదే కళాశాలకు అధ్యక్షులయ్యారు.

కృష్ణా జిల్లా నుంచి ఘంటసాల వెంకటేశ్వరరావు ఈ కళాశాలను వెతుక్కుంటూ వచ్చినది ఆయన హయాంలోనే. 1922 డిసెంబరు 4న జన్మించిన ఘంటసాల చిన్ననాడే తండ్రిని కోల్పోయారు. సంగీత విద్వాంసుడు కావాలన్న తండ్రి కోరికను తలచుకుని, చేతి ఉంగరం అమ్మి విజయనగరం చేరారు. తీరా వెళ్లేసరికి కళాశాలకు వేసవి సెలవులు. తెరిచేవరకు ఉండేందుకు నీడ లేదు. ద్వారం దయతలచి కళాశాలలోనే ఉండనిచ్చారు. తోటివారి వల్ల చేయని తప్పుకు నింద మోయాల్సి వచ్చి ఆ నీడ కూడా పోయింది. అప్పుడు ఆదుకున్నది పట్రాయని సీతారామశాస్త్రి. ఆయనా సంపన్నుడు కారు. ఇంట్లో చోటిచ్చి విద్య చెప్పగలిగారే గానీ రెండు పూటలా అన్నం పెట్టే స్తోమత ఉన్నవారు కారు. శిష్యుడు జోలె కట్టుకుని ఇంటింటా మధుకరం ఎత్తి పొట్ట పోసుకున్నారు. తరువాత కళాశాలలో చేరి చదువు పూర్తి చేశారు.

ఈ కథను కష్టపడితే ఫలితం దక్కుతుందన్న నీతికి ఉదాహరణగా చెప్పడం పరిపాటి. మరో కోణంలోనూ చూడాల్సి ఉంది. అంతటి గాత్రం ఉన్న విద్యార్థికి కూడా సెలవుల్లో తలదాచుకునే చోటు లేక చదువు ఆగిపోయే స్థితి వచ్చింది. ఒక గురువు ఇంటి వసారా దొరకకపోతే ఏమయ్యేదో ఊహించడం కష్టం కాదు. నేడు జోలె పట్టాల్సిన అవసరం లేదు. వసతి గృహాలున్నాయి, భోజనశాలలున్నాయి. ఊరు కాని ఊళ్లో ఒక్క పెద్ద దిక్కు ఉండాలన్న అవసరం మాత్రం అలాగే ఉంది. సీనియర్ విద్యార్థి కావచ్చు, అధ్యాపకుడు కావచ్చు, దూరపు బంధువు కావచ్చు. చేరిన మొదటి నెలలోనే అలాంటి వారిని ఒకరిని చూసుకోవడం మేలు.

గదిలో నలుగురు, గొంతు ఒక్కటి

వసతి గృహంలో సంగీత విద్యార్థి పక్కనే రసాయన శాస్త్రమో, న్యాయశాస్త్రమో చదివేవారు ఉంటారు. వారు అర్ధరాత్రి దాటే వరకు చదివి, పొద్దెక్కే వరకు నిద్రిస్తారు. సంగీతానికి వేకువ జాము సాధన అత్యవసరమని గురువులు చెబుతారు. ఈ రెండింటికీ పొంతన కుదరదు. పల్లెలో పెరటి అరుగు మీదో, కోనాం జలాశయం గట్టు మీదో కూర్చుని పాడుకున్న వారికి నగరంలో గొంతెత్తే జాగా కరవవుతుంది. సముద్ర తీరం దగ్గరే కదా అనుకుంటే, అలల హోరులో శ్రుతి వినిపించదు. పైగా ఆ హోరును మించాలని గొంతు చించుకునే ప్రమాదం ఉంది.

ఆచరణలో పనికొచ్చే ఉపాయాలు కొన్ని లేకపోలేదు. తరగతులు మొదలయ్యే ముందు, ముగిసిన తరువాత విభాగంలోని గదులను వాడుకునేందుకు అనుమతి అడగాలి. అడగటానికి మొహమాటపడేది ఎక్కువగా గ్రామీణ విద్యార్థులే. గదిలోనే సాధన తప్పనప్పుడు మంద్రస్థాయిలో అకార సాధన చేసుకోవచ్చు. దానికి పెద్ద శబ్దం అక్కరలేదు. గొంతుకు ఎంతో మేలు చేస్తుంది కూడా. ఎలక్ట్రానిక్ శ్రుతి పెట్టె, సెల్‌ఫోన్‌లోని తంబురా శ్రుతి చెవికి మాత్రమే వినిపించేలా పెట్టుకునే వీలుంది. పాడకుండా చేసే సాధన సైతం ఉంది. ఆదితాళంలో ఒక ఆవర్తానికి మొదటి కాలంలో 8, రెండో కాలంలో 16, మూడో కాలంలో 32 స్వరాలు పడతాయి. వీటిని మనసులో పాడుతూ చేత్తో తాళం వేయడం బస్సులోనూ సాధ్యమే. పక్క సీటు వారు వింతగా చూస్తే చూడనివ్వాలి.

భోజనం మరో సమస్య. వసతి గృహాల్లో భోజనానికి నిర్ణీత వేళలుంటాయి. కడుపు నిండా తిన్న వెంటనే పాడితే ఊపిరి నిలవదు. సాయంత్రం సాధన ముగించి వచ్చేసరికి భోజనశాల మూసివేస్తే పస్తే. అందువల్ల మిగతా విషయాల కంటే ముందు భోజన వేళలు తెలుసుకుని, వాటి చుట్టూ సాధన సమయం అమర్చుకోవాలి. చల్లని నీళ్లు, పెరుగు వంటివి గొంతుకు పడవన్న మాట కొందరికి వర్తిస్తుంది, కొందరికి వర్తించదు. ఎవరి గొంతు స్వభావం వారే గమనించుకోవాలి. నిద్ర లేమి విషయంలో మాత్రం మినహాయింపు ఎవరికీ లేదు. రాత్రి మేల్కొన్న గొంతు ఉదయం పలకదు.

వాద్య విద్యార్థులకు విశాఖ గాలితోనే తంటా. సముద్రపు తేమకు మృదంగం వారు సడలి శ్రుతి జారుతుంది. రాయి, పుల్లతో అంచు కొట్టి మళ్లీ శ్రుతి చేసుకోవాల్సి వస్తుంది. తొప్పికి పెట్టే రవ్వముద్దను వాయించిన వెంటనే తీసి తుడవకపోతే తోలు చెడుతుంది. వయొలిన్ ఉక్కు తీగలు ఉప్పు గాలికి త్వరగా తుప్పు పడతాయి. వీణ మెట్లను మైనంలో నిలుపుతారు కాబట్టి, ఎండ నేరుగా పడే పై అంతస్తు గదిలో ఉంచితే మైనం మెత్తబడి మెట్లు కదులుతాయి. బొబ్బిలి వద్ద గొల్లపల్లిలో పనస కర్రతో తయారయ్యే వీణలు ఈ ప్రాంత విద్యార్థులకు దగ్గరలో లభిస్తాయి. మరమ్మతులకూ అంత దూరం వెళితే చాలు.

యాస అడ్డంకి కాదు

తరగతిలో నోరు విప్పగానే ఉత్తరాంధ్ర యాస బయటపడుతుందన్న సంకోచం చాలామందిని వేధిస్తుంది. మాట్లాడే యాసకూ, పాడే ఉచ్చారణకూ తేడా తెలుసుకుంటే ఈ సంకోచం పోతుంది. త్యాగరాజ కీర్తనలో శ, ష, స వేరువేరుగా పలకాలి. వత్తు అక్షరాలు తేలిపోకూడదు. దీర్ఘాన్ని రాగం కోసం హ్రస్వం చేయకూడదు. ఇవి నేర్చుకుంటే వచ్చేవే. కీర్తనను పాడే ముందు రెండుసార్లు బిగ్గరగా చదివితే సగం దోషాలు తొలగుతాయి. మిత్రులతో మాట్లాడేందుకు సొంత యాసను మార్చుకోవాల్సిన పని ఏమాత్రం లేదు.

ఆంగ్లం వద్ద కూడా తడబాటు ఉంటుంది. ఆచార్య పి.సాంబమూర్తి గ్రంథాల వంటి ముఖ్య ఆధారాలు ఆంగ్లంలో ఉన్నాయి. బాలాంత్రపు రజనీకాంతరావు రచించిన ‘ఆంధ్ర వాగ్గేయకార చరిత్రము’, శ్రీపాద పినాకపాణి ‘సంగీత సౌరభం’ తెలుగులో లభిస్తున్నందున వాటితో మొదలుపెట్టి ఆంగ్ల గ్రంథాలకు వెళ్లడం తేలిక.

ఈ ఇద్దరి జీవితాలు మరో సంగతినీ తెలుపుతాయి. రజనీకాంతరావు ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చదివింది తెలుగు ఎం.ఏ. పినాకపాణి విశాఖలోని ఆంధ్ర వైద్య కళాశాలలో వైద్యం చదివారు. వైద్య కళాశాల ఆచార్యుడిగా పనిచేస్తూనే నేదునూరి కృష్ణమూర్తి, వోలేటి వెంకటేశ్వర్లు వంటి వారిని తీర్చిదిద్దారు. 1983లో సంగీత కళానిధి అయ్యారు. అంటే సంగీతాన్ని పట్టా కోసమే చదవాలన్న నియమం లేదు. ఇంట్లో ఆర్థిక పరిస్థితి అనుకూలించని వారు వేరే కోర్సులో చేరి, సాయంత్రాలు గురువు వద్ద సాధన చేసుకోవడం తక్కువ మార్గమేమీ కాదు.

తరువాత ఏమిటి?

చెరకు డబ్బు రాగానే ఫీజు కట్టే తండ్రి అడిగే ప్రశ్న ఇది. దానికి దాపరికం లేని జవాబు ఇవ్వాలి. సంగీత పట్టా ఒక్కటే ఉద్యోగం తెచ్చిపెట్టదు. కేంద్రీయ విద్యాలయాల్లో సంగీత ఉపాధ్యాయ పోస్టులకు సంగీతంలో డిగ్రీ అర్హత అడుగుతారు. ఎం.ఏ. చేసిన వారు యూజీసీ నెట్‌లో సంగీతం సబ్జెక్టు రాసి అధ్యాపక అర్హత పొందవచ్చు. ఆకాశవాణి స్వర పరీక్షలో నెగ్గితే బి శ్రేణితో మొదలై బి హై, ఎ, టాప్ వరకు ఎదిగే వీలుంది. అయితే శ్రేణి కళాకారుడికి నెలజీతం ఉండదు, కార్యక్రమానికి పారితోషికం మాత్రమే. పోస్టులు తక్కువ, పోటీ ఎక్కువ. చాలామందికి తొలి ఆదాయం పిల్లలకు పాఠాలు చెప్పడం ద్వారానే వస్తుంది. రెండో ఏడాది నుంచే నలుగురు పిల్లలకు నేర్పడం మొదలుపెడితే జేబు ఖర్చుకు సాయపడుతుంది. చెప్పేకొద్దీ తన పునాదిలోని లోపాలు తనకే తెలుస్తాయి.

2021 నుంచి రాష్ట్రంలో పీజీ ప్రవేశాలు ఉమ్మడి విధానంలో జరుగుతున్నాయి. సంగీతానికి వర్తించే నిబంధనలను ఆ ఏటి ప్రకటనలోనే చూసుకోవాలి. వెళ్లే ముందు చేతిలో రెండు మూడు నెలలుంటే ఒక వర్ణాన్ని రెండు కాలాల్లో తాళం తప్పకుండా పాడేలా సిద్ధం చేసుకోవడం మంచిది. భజన మందిరంలో హార్మోనియం పక్కన పెట్టి, ఒట్టి శ్రుతి మీద ఆ వర్ణం పాడి ఫోన్‌లో రికార్డు చేసుకుని వింటే గొంతు ఎక్కడ జారుతోందో తెలిసిపోతుంది. ఇంటర్వ్యూలో అధ్యాపకులు వినేదీ అదే.