వినికిడి పరికరం - కేంద్రం ఎంపిక

వినికిడి పరికరం కొనడం కళ్లజోడు కొనడం వంటిదని చాలామంది అనుకుంటారు. ఈ పోలిక కొంతవరకే నిజం. కళ్లజోడు పెట్టుకున్న రోజే అక్షరం స్పష్టంగా కనిపించవచ్చు. చెవి పరికరానికి అలవాటు పడడానికి వారాలు పడుతుంది. అందువల్ల పరికరం కంటే ముందు దానిని అమర్చే కేంద్రాన్ని పరిశీలించాలి.

మా నాన్నగారి విషయంలో నేను ఈ సంగతి ఆలస్యంగా గ్రహించాను. ఒక దుకాణంలో ఏ పరీక్షా లేకుండా యంత్రం చెవిలో పెట్టి "వినిపిస్తోందా?" అని అడిగారు. వినిపిస్తోందన్నారు. ఇంటికి వచ్చాక పళ్లేల చప్పుడు భరించలేకపోయారు. మాట మాత్రం అర్థం కాలేదు. నెల తిరక్కుండానే యంత్రం బీరువాలోకి చేరింది. ఆయన మాతో మాట్లాడడమే తగ్గించారు.

దీనికి కారణం ఏమిటి? వయసుతో వచ్చే లోపం సాధారణంగా అధిక పౌనఃపున్యాల దగ్గర మొదలవుతుంది. అచ్చులు వినిపిస్తాయి, హల్లుల తేడా జారిపోతుంది. 'పప్పు', 'తప్పు', 'కప్పు' ఒకేలా తోస్తాయి. అన్ని ధ్వనులనూ సమానంగా పెంచితే రొద పెరుగుతుందే తప్ప ఈ తేడా తేలదు. కాబట్టి ఏ పౌనఃపున్యం దగ్గర ఎన్ని డెసిబెల్‌ల లోపం ఉందో ముందు తెలియాలి. బయటి శబ్దం చొరబడని గదిలో, సాధారణంగా 250 నుంచి 8000 హెర్ట్జ్ వరకు, ఒక్కొక్క చెవిని విడిగా పరీక్షించి గీసే పటమే ఆడియోగ్రామ్. దాని ప్రతిని అడిగి తీసుకోండి. అంతకుముందే చెవిలోకి లైటు వేసి చూడాలి. గులిమి అడ్డుపడినా వినికిడి తగ్గుతుంది. దానికి యంత్రం అక్కర్లేదు.

పరీక్షించే ఆడియాలజిస్ట్‌కు, 1992 నాటి చట్టం కింద పనిచేసే భారత పునరావాస మండలిలో నమోదు ఉండాలి. ఆ నమోదు సంఖ్య అడగడానికి మొహమాటపడకండి. ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రిలోని చెవి, ముక్కు, గొంతు విభాగంలో మొదట విచారించవచ్చు. సికింద్రాబాదు మనోవికాస్ నగర్‌లో అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది. నిర్ణీత వైకల్యం, ఆదాయ పరిమితి ఉన్నవారికి కేంద్ర ప్రభుత్వ అడిప్ పథకం వర్తిస్తుంది.

అయితే దూరాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి. చెవి అచ్చు ఒరుసుకున్నా, యంత్రం ఈల వేసినా మళ్లీ వెళ్లి సరిచేయించుకోవాలి. రెండు బస్సులు మారి వెళ్లే వృద్ధుడు మూడోసారి కదలడు. సవరణలు దగ్గరలో ఎవరు చేస్తారు, ఆ కంపెనీ సాఫ్ట్‌వేర్ వారి దగ్గర ఉందా అన్నది డబ్బు చెల్లించకముందే తెలుసుకోండి.

మా నాన్నగారికి రెండోసారి అమర్చినది మొదటిదాని కంటే తక్కువ ధరది. నాలుగో సవరణ తర్వాత ఆయనే రేడియో శబ్దం తగ్గించమన్నారు.